వాతావరణం మీద నోరు విప్పాలంటే ఏ కిటికీ దగ్గరికి వెళ్లాలి: సర్కారు వేదికల సమీక్ష

వాతావరణ మార్పు మీద మామూలు మనిషి మాట్లాడటానికి మన దేశంలో వేదికలు లేవనడం నిజం కాదు. కావలసినన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని కాగితం తీసుకుని, రసీదు నంబరు చేతిలో పెట్టి చేతులు దులుపుకుంటాయి. కొన్ని మాత్రం మీరు రాసినదానికి లిఖితపూర్వకంగా జవాబు చెప్పి తీరాలని చట్టం కట్టేసినవి. ఈ సమీక్షలో కొలమానం ఆ తేడా ఒక్కటే. ఎంతమంది వస్తారు, పేపర్లో ఫొటో పడుతుందా, మైకు ఎంతసేపు ఇస్తారు అన్నవి లెక్కలోకి తీసుకోలేదు.

ఆ కొలమానంతో మొదటి స్థానం విద్యుత్ నియంత్రణ మండలికి, వాడుకలో ఈఆర్సీకి, వెళ్తుంది. కరెంటు చార్జీలు మారే ముందు పేపర్లలో ‘బహిరంగ విచారణ’ అని ప్రకటన వస్తుందే, అది వీళ్లదే. జనం దాన్ని చార్జీల గొడవగానే చూస్తారు. కానీ వచ్చే ఏడాది రాష్ట్రం ఎంత థర్మల్ విద్యుత్ కొంటుంది, ఎంత సౌర, పవన విద్యుత్ కొంటుంది, తీగల్లో ఎంత పోతుంది అన్న లెక్కలన్నీ ఒకే కట్టగా బయటపడేది ఆ నెలల్లోనే. మనదేశంలో కార్బన్ డయాక్సైడ్ విడుదలలో పెద్ద వాటా బొగ్గు విద్యుత్‌ది. ఆ బొగ్గుకి డబ్బు కట్టాలా వద్దా అని మామూలు వినియోగదారుణ్ణి పిలిచి మరీ అడిగే చోటు ఇంకోటి లేదు.

పద్ధతి ఇది. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, తమ వార్షిక ఆదాయ అవసరాల నివేదికను, అందరూ ఏఆర్ఆర్ అంటారు, మామూలుగా నవంబరు 30 లోపు మండలికి సమర్పించాలి. కొత్త చార్జీలు ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తాయి. ఈ మధ్యలో, 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, ప్రజల నుంచి వచ్చిన అభ్యంతరాలు, సూచనలు పరిశీలించాకే మండలి ఉత్తర్వు ఇవ్వాలి. అభ్యంతరానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, వినియోగదారుడై ఉంటే చాలు.

ప్రకటనలోనే ఒక పట్టిక ఇస్తారు. పేరు, చిరునామా, ఫోను నంబరు. అభ్యంతరాల సారాంశం. నకలు డిస్కంకి అందజేసిన రుజువు జతపరిచారా, అవునా కాదా. స్వయంగా మాట్లాడదలచుకున్నారా, అవునా కాదా. ప్రాణం చివరి రెండు గళ్లలోనే ఉంది. చాలామంది అభ్యంతరాన్ని మండలికి మాత్రమే పంపి ఊరుకుంటారు. డిస్కంకి నకలు చేరకపోతే వాళ్లు జవాబు తయారుచేయరు, అక్కడితో మీ ప్రశ్న గాల్లో కలిసిపోతుంది. అందుకే ముందు డిస్కం కార్యాలయంలో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోవాలి. దూరమైతే స్పీడ్ పోస్టులో పంపి బట్వాడా రుజువు తీసుకోవాలి. ఆ రుజువుతో కలిపి మండలికి పంపాలి. ‘స్వయంగా’ అన్న గడిలో అవును అని రాయకపోతే విచారణ రోజు జాబితాలో మీ పేరు ఉండదు. అక్కడికెళ్లి బతిమాలితే మైకు ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు.

ఏం రాయాలన్నది అసలు సంగతి. ‘కాలుష్యం పెరిగిపోతోంది, బొగ్గు మానేయండి’ అంటే ‘గమనించాం’ అని ఒక్క ముక్కలో సరిపెడతారు. మండలి భాష డబ్బు, యూనిట్లు, శాతాలు. వాతావరణాన్ని ఆ భాషలోకి మార్చి అడగాలి. ఉదాహరణకి, కేంద్రం 2023 అక్టోబరులో ప్రకటించిన పట్టిక ప్రకారం మొత్తం విద్యుత్ వినియోగంలో పునరుత్పాదక విద్యుత్ వాటా 2024-25లో 29.91%, 2025-26లో 33.01%, అలా పెరుగుతూ 2029-30కి 43.33% కావాలి. అందులో ఇళ్లపై పలకల్లాంటి చిన్న, వికేంద్రిత సౌర కేంద్రాల వాటా 2029-30కి 4.5%. కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: ‘గత ఏడాది ఈ పట్టిక ప్రకారం లక్ష్యమెంత, చేరిందెంత? లోటు ఉంటే ఎన్ని కోట్ల యూనిట్లు? దాన్ని విద్యుత్ కొనుగోలుతో పూడుస్తారా, పునరుత్పాదక విద్యుత్ సర్టిఫికెట్లతోనా? ఆ ఖర్చు ఏఆర్ఆర్‌లో ఏ పేజీలో ఉంది?’

ఇంకో మంచి ప్రశ్న రూఫ్‌టాప్, అంటే ఇంటి పైకప్పు సౌర పలకల మీద. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాంకేతిక సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కర్లేదు. సక్రమంగా ఉన్న దరఖాస్తు ఆమోదం పొందినట్టే లెక్క. పలకలు బిగించాక మీటరు పెట్టి నడిపించడానికి గడువు 30 రోజుల నుంచి 15 రోజులకి తగ్గింది. ‘మీ డివిజన్లో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, 15 రోజుల్లో ఎన్ని పూర్తిచేశారు, గడువు దాటినవి ఎన్ని’ అని అడిగితే డిస్కం అంకెలతో జవాబు చెప్పాలి. ‘ఎండ ఉన్న గంటల్లో సౌర విద్యుత్ ఎన్ని యూనిట్లు ఆపించారు, ఆ గంటల్లో థర్మల్ ఎంత నడిచింది’ అన్న ప్రశ్న కూడా బాగా తగులుతుంది. సాంకేతిక కారణమో గ్రిడ్ భద్రతో లేకుండా సౌర, పవన కేంద్రాలను ఆపించకూడదని 2021 నిబంధనలు ఉన్నాయి మరి.

ఇచ్చిన ప్రశ్నలకు డిస్కం ఒక్కొక్కరికీ జవాబు పంపుతుంది. తర్వాత మార్చిలో వచ్చే టారిఫ్ ఉత్తర్వులో అభ్యంతరం, డిస్కం సమాధానం, మండలి అభిప్రాయం వరసగా అచ్చవుతాయి. ఇది చిన్న విషయం కాదు. వచ్చే ఏడాది అదే ఉత్తర్వులోని పేరా నంబరు చూపించి ‘ఇలా చేస్తామన్నారు, చేశారా’ అని అడగచ్చు. రెండో ఏడాది ప్రశ్నకి ఉండే బలం మొదటి ఏడాది ప్రశ్నకి ఉండదు.

లోపాలూ ఉన్నాయి. నివేదికలు వందల పేజీలు, లోపలి పట్టికలు ఇంగ్లిషులోనే. అభ్యంతరాల గడువు చాలా తక్కువ, అదీ పండగల రోజుల్లో వచ్చిపడుతుంది. పరిశ్రమల సంఘాలు కన్సల్టెంట్లను పెట్టుకుని వస్తాయి. మామూలు మనిషికి దొరికేది కొన్ని నిమిషాలు. పైగా మండలి పని చార్జీ నిర్ణయించడం, భూగోళాన్ని కాపాడటం కాదు. ఉద్గారాల మాట నేరుగా ఎత్తితే ‘మా పరిధి కాదు’ అంటారు. అదే మాటని ‘బొగ్గు ధర పెరిగినప్పుడల్లా సర్దుబాటు చార్జీ మా బిల్లులో పడుతోంది, స్థిర ధర ఉన్న సౌర ఒప్పందాలు ఎందుకు పెంచడం లేదు’ అని తిప్పి అడిగితే పరిధి కాదనలేరు. పదికి ఎనిమిది.

అందరికీ తెలిసిన వేదిక మాత్రం పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. థర్మల్ కేంద్రమో, సిమెంటు ఫ్యాక్టరీయో, గనో వస్తుందంటే షామియానా వేసి కలెక్టరు కూర్చునే సభ. 2006 సెప్టెంబరు 14న వచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్ అనుబంధం 4 దీనికి రాజ్యాంగం. అది చదివితే కాగితం మీద ఎంత బాగుందో అనిపిస్తుంది. కనీసం 30 రోజుల ముందు నోటీసు, ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన. పత్రికలు రాని చోట దండోరా వేయించాలని కూడా రాసి ఉంది. ముసాయిదా ఈఐఏ నివేదిక, దాని సారాంశం తెలుగులో, ఇంగ్లిషులో కలెక్టరేటు, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, స్థానిక సంస్థల కార్యాలయాల్లో చూడటానికి ఉంచాలి. సభకి కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకి తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. హాజరైన ప్రతి ఒక్కరికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి. చివర్లో ఆ రోజు వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించి, అదే రోజు సంతకం చేయాలి.

ఆచరణలో జారిపోయేది ఆ చివరి వాక్యమే. ఉదయం వెయ్యిమంది ఉంటారు, భోజనాల వేళకి సగమవుతారు, సాయంత్రం మినిట్స్ చదివే వేళకి కుర్చీలు సర్దుతుంటారు. ఒక్కోచోట చదవడమే ఉండదు, ‘అందరి అభిప్రాయాలు నమోదు చేసుకున్నాం’ అని మమ అనిపిస్తారు. అనుమతి మీద సిఫార్సు చేసే నిపుణుల కమిటీ ఢిల్లీలోనో రాష్ట్ర రాజధానిలోనో కూర్చుని చూసేది ఆ కాగితాన్నే. మీ ఆవేశాన్ని కాదు, మీ చప్పట్లను కాదు. కాబట్టి మీ బృందంలో ఒక్కరైనా చివరిదాకా ఉండి, మినిట్స్ చదివించి, తప్పుంటే అక్కడికక్కడే చెప్పి సరిచేయించాలి. చదవకపోతే ‘అనుబంధం 4 ప్రకారం చదివి వినిపించలేదు’ అని ఆ పూటే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. తర్వాత అప్పీలుకి వెళ్తే ఆ చిన్న కాగితమే నిలబడుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ సభకి కోరం లేదు. అంటే ఎంతమంది వచ్చినా, రాకపోయినా సభ జరిగినట్టే. అందుకని బహిష్కరణ పిలుపు ఇక్కడ దాదాపు ఎప్పుడూ ఎదురుతన్నుతుంది. ఊరంతా బయట ధర్నాలో ఉంటే లోపల పదిమంది చెప్పిన ‘స్వాగతిస్తున్నాం’ మాత్రమే రికార్డులోకి వెళ్తుంది. బహిష్కరించే తీరాలనుకుంటే, బహిష్కరణకి కారణాలు రాసి ముందే కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి పెట్టుకోండి. ఇది ఓటింగ్ కూడా కాదు. ఆ వేదిక మీద కూర్చున్నవాళ్లకి అనుమతి ఇచ్చే అధికారమూ లేదు, నిరాకరించే అధికారమూ లేదు. వాళ్ల పని రాసుకోవడం.

రాసుకునే పద్ధతి తెలిస్తే ఎలా మాట్లాడాలో తెలుస్తుంది. సభ తర్వాత ఒక పట్టిక తయారవుతుంది. ఎడమవైపు జనం లేవనెత్తిన అంశం, కుడివైపు కంపెనీ జవాబు. ‘ఊరికి రోడ్డు వేయించండి, మా పిల్లలకి ఉద్యోగాలివ్వండి’ అన్నది ఎడమవైపు పడితే, కుడివైపు ‘అంగీకరించాం’ అని పడుతుంది. అది చదివేవాడికి ఊరు ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. వెయ్యిమంది ఒకే నమూనా ఉత్తరం మీద సంతకాలు పెట్టి ఇచ్చినా పట్టికలో అది ఒక్క వరసే. పదిమంది పది వేర్వేరు ప్రశ్నలు రాసిస్తే పది వరసలు.

వాతావరణాన్ని ఆ వరసల్లోకి ఎక్కించడం కొంచెం తిప్పలే. ఈఐఏ నివేదికకి నోటిఫికేషన్ ఇచ్చిన నమూనాలో 12 అధ్యాయాలున్నాయి, గ్రీన్‌హౌస్ వాయువులకి విడిగా ఒక్కటీ లేదు. 2017లో రిధిమా పాండే అనే తొమ్మిదేళ్ల బాలిక వాతావరణ మార్పు మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్తే, 2019 జనవరిలో ట్రిబ్యునల్ ఆ పిటిషన్ కొట్టేసింది. పర్యావరణ అనుమతులిచ్చేటప్పుడు వాతావరణ మార్పు అంశాన్ని చూడటం లేదని అనుకోవడానికి కారణం లేదన్నది అందులో సారాంశం. ఒకరు చూస్తారని ఇంకొకరు అనుకుంటున్నారు, చూసే అధ్యాయం మాత్రం నివేదికలో లేదు. సభలో పట్టుకోవలసిన ఖాళీ ఇదే. 5వ అధ్యాయం, ప్రత్యామ్నాయాల విశ్లేషణ, అందుకు సరైన తలుపు. చాలా నివేదికల్లో అక్కడ రెండు మూడు స్థలాలను పోల్చి ఊరుకుంటారు. ఇంధనాన్ని, సాంకేతికతను పోల్చరు.

రాసిచ్చే కాగితంలో ఒక అంశం ఎలా ఉండాలో చూడండి: ‘ప్రతిపాదిత 800 మెగావాట్ల యూనిట్ 85% సామర్థ్యంతో నడిస్తే ఏటా సుమారు 596 కోట్ల యూనిట్ల విద్యుత్ వస్తుంది. యూనిట్‌కి 0.9 కిలోల చొప్పున లెక్కేసినా 53 లక్షల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. నివేదికలో ఈ అంకె ఏ పేజీలో ఉంది? లేకపోతే తుది నివేదికలో చేరుస్తారా? ఇంతే విద్యుత్ సౌరశక్తి, బ్యాటరీ నిల్వలతో ఇస్తే అయ్యే ఖర్చుతో 5వ అధ్యాయంలో పోల్చారా?’ లెక్క మెగావాట్లని 8,760 గంటలతో, సామర్థ్య శాతంతో గుణించడమే; ఫోన్లో అయిపోతుంది. ప్రతి అంశం ప్రశ్న గుర్తుతో ముగియాలి. ప్రశ్నకి జవాబు రాయక తప్పదు, ఆవేదనకి ‘గమనించాం’ చాలు.

ఉద్గారాల వైపే కాదు, రాబోయే వాతావరణం ఆ ప్రాజెక్టుని ఏం చేస్తుందన్న వైపు నుంచీ అడగచ్చు. సాధారణంగా 10 కిలోమీటర్ల పరిధిలో, ఒక్క సీజన్ మూడు నెలల కొలతలతో, అదీ వానాకాలం వదిలేసి, 3వ అధ్యాయం రాస్తారు. వడగాడ్పుల నెలల్లో నదిలో నీరు తగ్గితే ప్లాంటుకి కోత పెడతారా, ఊళ్ల తాగునీటికా? బూడిద చెరువు గట్టు ఎత్తు ఏ సంవత్సరం వరద లెక్కతో కట్టారు? తీరమైతే తుపాను ఉప్పెన మట్టం ఎంత అనుకున్నారు? పొలాలు, చెరువులు తెలిసిన రైతు ఈ ప్రశ్నల్లో కన్సల్టెంటు కంటే గట్టివాడు. నివేదికలో వాగు పేరు తప్పుంటే, ఎండిపోయిందన్న చెరువు నిండి ఉంటే, ఫొటో, సర్వే నంబరుతో ఇవ్వండి. వేరే జిల్లా నివేదికలోంచి పేరాలు అలాగే దించేసిన సందర్భాలు ఇలాగే బయటపడతాయి.

సభకి వెళ్లలేనివాళ్లు నోటీసు గడువులోగా రాతపూర్వకంగా కాలుష్య నియంత్రణ మండలికి పంపచ్చు. సభ అయ్యాక మినిట్స్ పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టరు కార్యాలయాల్లో పెట్టాలి. వాటి మీద వ్యాఖ్యలు నేరుగా అనుమతి ఇచ్చే సంస్థకి పంపే వీలు కూడా నోటిఫికేషన్‌లోనే ఉంది. కాలుష్య నియంత్రణ మండలి ఆ మినిట్స్‌ను 8 రోజుల్లో పైకి పంపాలి. తుది పత్రాలు అందాక నిపుణుల కమిటీకి 60 రోజులు, నిర్ణయానికి ఇంకో 45 రోజులు. మీ రెండో ఉత్తరం ఆ 60 రోజుల్లో, కమిటీ సమావేశానికి ముందే చేరాలి.

ఈ సభ అసలే లేని ప్రాజెక్టులు బోలెడు. టౌన్‌షిప్పులు, భారీ భవన సముదాయాలు, అదనంగా భూమి తీసుకోని రోడ్ల విస్తరణ, అనుమతి పొందిన పారిశ్రామిక వాడల్లోపలి యూనిట్లు, ఈఐఏ నివేదిక అక్కర్లేని బీ2 వర్గం ప్రాజెక్టులు మినహాయింపులో ఉన్నాయి. నగరంలో ఉండి ‘మా ఊళ్లో ఎప్పుడూ సభ పెట్టరేం’ అనుకునేవాళ్లకి జవాబు ఇదే. నియమాలకి తొమ్మిది, అమలుకి మూడు వేయచ్చు. రెండూ కలిపి సగటున పదికి ఆరు.

సమాచార హక్కు నేరుగా మాట్లాడే వేదిక కాదు, కానీ పై రెండింటికీ మందుగుండు అక్కడే దొరుకుతుంది. జవాబు చెప్పక తప్పని బాధ్యత ఇక్కడే అన్నిటికంటే గట్టిది: 30 రోజుల గడువు, దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి, తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా. కేంద్ర సంస్థలకి ఫీజు 10 రూపాయలు, ఆన్‌లైన్లోనే కట్టచ్చు. ఉమ్మడి రాష్ట్రం 2005లో పెట్టిన నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజే లేదు, మండల స్థాయికి 5, ఆపైన 10 రూపాయలు.

దరఖాస్తులు చెడేది ఎక్కువగా ‘ఎందుకు’ అన్న మాట దగ్గర. ‘అనుమతి ఎందుకిచ్చారు’ అంటే అది సమాచారం కాదని తిప్పికొడతారు. పత్రం పేరు, తేదీ, కాలం చెప్పి నకలు అడగాలి. కాలుష్య నియంత్రణ మండలికైతే ఇలా: ‘ఫలానా యూనిట్‌కి మీ మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతి షరతుల నకలు, గత 12 నెలల్లో జరిపిన తనిఖీ నివేదికల నకళ్లు, చిమ్నీ దగ్గరి నిరంతర కొలమానాలు పరిమితి దాటిన రోజుల జాబితా’. ఒక దరఖాస్తులో మూడు నాలుగు అంశాలకి మించితే ‘పరిమాణం ఎక్కువ’ అన్న సాకు దొరుకుతుంది. ఏ కార్యాలయమో సరిగ్గా తెలియకపోయినా భయం లేదు, సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ కింద 5 రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి. నకళ్లు వందల పేజీలైతే తనిఖీ హక్కు వాడుకోండి. కేంద్ర నిబంధనల్లో మొదటి గంట ఉచితం, తర్వాత గంటకి 5 రూపాయలు. ఫైలు చూసి, కావలసిన పేజీలే తీసుకోవచ్చు. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి రెండోది. ఆ రెండో మెట్టు దగ్గర నెలలు, ఏళ్లు పడుతున్నాయి; అందుకని సభ నోటీసు వచ్చాక దరఖాస్తు పెడితే అది ఆ సభకి అక్కరకి రాదు.

ఒక కిటుకు. అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ షరతుల అమలు మీద ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అవి బహిరంగ పత్రాలని, అడిగినవారికి ఇవ్వాలని నోటిఫికేషనే చెబుతోంది. అంటే సమాచార హక్కు దాకా వెళ్లకుండానే మామూలు ఉత్తరంతో అడగచ్చు. పచ్చదనం ఎంత పెంచాలన్నారు, ఎంత పెంచారు అన్నది అందులోనే తేలిపోతుంది.

పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం 2018లో తెచ్చిన పరివేష్ పోర్టల్‌ని లైబ్రరీగా వాడండి, నోరుగా కాదు. ప్రాజెక్టు ప్రతిపాదన నంబరుతో వెతికితే ఈఐఏ నివేదిక, నిపుణుల కమిటీ అజెండా, మినిట్స్ దొరుకుతాయి. పత్రాలు దాదాపు ఇంగ్లిషే, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లలో పదం వెతకడానికి వీలుండదు, ఓపిక ఉండాలి. నంబరు కోసం పత్రికా ప్రకటనని కత్తిరించి దాచుకోవడం ఇప్పటికీ మంచి అలవాటే.

ముసాయిదా నోటిఫికేషన్ల మీద 60 రోజుల్లో అభ్యంతరాలు పంపడం ఇంకో దారి. 2020 ఈఐఏ ముసాయిదాకి దేశమంతటి నుంచీ లక్షల్లో ఉత్తరాలు వెళ్లాయి. గడువుని ఆగస్టు 11 దాకా పొడిగిస్తూ, ఎనిమిదో షెడ్యూలు భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఆ ముసాయిదా తుది రూపంలో రాలేదు. మార్పులు మాత్రం విడివిడి సవరణలు, ఆఫీస్ మెమోల రూపంలో వస్తూనే ఉన్నాయి. లక్షల ఉత్తరాల బలం ఆపగలిగినంత ఆపింది, కానీ ఒక్కరికీ విడిగా జవాబు రాలేదు. మన కొలమానంతో ఇది వెనకబడుతుంది.

హరిత ట్రిబ్యునల్‌ని అందరూ ఆఖరి అస్త్రమంటారు, నిజానికి అక్కడ గడియారం అన్నిటికంటే ముందు మొదలవుతుంది. పర్యావరణ అనుమతి మీద అప్పీలు 30 రోజుల్లో వేయాలి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. 90 దాటితే తలుపు మూసుకున్నట్టే. ఇతర వివాదాలకి ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద ఆరు నెలలు, దానిపైన 60 రోజులు. నష్టపరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు 1,000 రూపాయలు. ఆంధ్ర, తెలంగాణలకి చెన్నై బెంచి. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు, కానీ అనుబంధాలకి పేజీ నంబర్లు, విషయసూచిక, ఇంగ్లిషు అనువాదాలు లేకపోతే రిజిస్ట్రీ దగ్గరే వెనక్కి వస్తుంది.

ట్రిబ్యునల్ పరిధి చట్టంతో జతచేసిన ఏడు చట్టాల వరకే: నీరు, గాలి, అడవి, పర్యావరణ పరిరక్షణ, జీవవైవిధ్యం వంటివి. వాతావరణ చట్టం అనేది మనకి లేదు గనక ‘వాతావరణాన్ని కాపాడండి’ అన్న పిటిషన్ నిలబడటం కష్టం. ‘ఈ అనుమతిలో ఫలానా నియమం తప్పారు’ అన్నది నిలబడుతుంది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2010 జులై 14న థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించిన జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. అదే రోజు ఢిల్లీలో, ట్రిబ్యునల్‌కి ముందున్న జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రం అనుమతిని రద్దు చేసింది. వీధిలో ఉద్యమం ఎంత అవసరమైందో, బీల అని పిలిచే అక్కడి భూమి చిత్తడి నేల అని కాగితం మీద చూపించడమూ అంతే అవసరమైంది. ఇప్పుడు రాసేవాళ్లకి ఇంకో ఆధారం ఉంది. బట్టమేక పక్షి, విద్యుత్ తీగల మీద నడిచిన ఎం.కె. రంజిత్‌సింగ్ కేసులో 2024 మార్చి 21న సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగం 14, 21 అధికరణాల్లో ఉందని గుర్తించింది. ఏ అభ్యంతర పత్రంలోనైనా ఆ వాక్యం చివర్లో కాదు, మొదటి పేరాలో పెట్టండి.

ఇక కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్, సమీర్ యాప్, ఆన్‌లైన్ సంతకాలు. సమీర్ చెత్త తగలబెడుతున్నారని ఫొటో పెట్టడానికి, గాలి నాణ్యత సూచీ చూడటానికి పనికొస్తుంది, అంతే. ఆన్‌లైన్ సంతకాలకి ఎవరూ జవాబుదారీ కాదు. సీపీగ్రామ్స్‌లో సూచనలు తీసుకోరని వాళ్ల నియమాల్లోనే ఉంది. ‘సౌర విద్యుత్ పెంచండి’ అని పెడితే రెండు రోజుల్లో మూసేస్తారు. అదే ‘నా రూఫ్‌టాప్ దరఖాస్తు నంబరు ఇది, 15 రోజుల గడువు ఫలానా తేదీకి దాటింది’ అని పెడితే అది ఫిర్యాదు అవుతుంది. 2024 ఆగస్టు నుంచి పరిష్కార గడువు 21 రోజులు. డిస్కంకి సంబంధించినది గనక రాష్ట్రానికి పంపామని చెప్పి మూసేస్తే, అభిప్రాయం గడిలో ‘పూర్’ ఎంచుకోండి. అప్పీలు బటన్ అప్పుడే తెరుచుకుంటుంది, 30 రోజుల్లోగా వేయాలి.